కెమిస్ట్రీ డిగ్రీకి రెండు ఆఫర్లు: మూడేళ్లదా, నాలుగేళ్లదా?

నీలిజ్వాల

రెండు విశ్వవిద్యాలయాల నుంచి కెమిస్ట్రీ డిగ్రీకి ఆఫర్లు వచ్చాయి. పేర్లు రాయడం లేదు, వివరాలు మాత్రం పెడుతున్నాను. ఏడాది ఫీజు రెండు చోట్లా దాదాపు ఒకటే.

మొదటిది మూడేళ్ల కోర్సు. పెద్ద డిపార్ట్‌మెంట్, ఏటా 200 మందిని తీసుకుంటారు. ర్యాంకింగుల్లో బాగా పైన ఉంది. ఏం చదవాలో దాదాపు అంతా వాళ్లే ఖరారు చేసి ఉంచారు, చివరి ఏడాదిలో మాత్రం రెండు పేపర్లు మనం ఎంచుకోవచ్చు. మొత్తం 360 క్రెడిట్లు.

రెండోది నాలుగేళ్లు. ఏటా 45 మంది. మొదటి ఏడాది అన్ని సైన్సుల వాళ్లకీ ఉమ్మడి, రెండో ఏడాది నుంచి కెమిస్ట్రీ. నాలుగో ఏడాదిలో సగం పరిశోధన ప్రాజెక్టే. మొత్తం 240 క్రెడిట్లు. సగం ఫీజుకి స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు.

నాకు కంప్యూటేషనల్ కెమిస్ట్రీ (అణువుల్ని కంప్యూటర్ లెక్కలతో చదవడం) మీద ఆసక్తి, తర్వాత పీహెచ్‌డీ చేయాలని ఉంది. మొదటిదాంట్లో 120 క్రెడిట్లు ఎక్కువ, ర్యాంకూ పైనే, పైగా ఒక ఏడాది ముందే అయిపోతుంది కాబట్టి ఇంట్లో అందరూ అదే అంటున్నారు. నెలాఖరులోగా జవాబు చెప్పాలి. ఏవి చూసి తేల్చుకోమంటారు?

---

తూనికరాయి

ముందు ఆ క్రెడిట్ల సంగతి. 360, 240 అన్నవి ఒకే కొలమానంలోవి కావు. మూడేళ్లకు 360 అంటే ఏడాదికి 120. అది బ్రిటన్ తరహా లెక్క, అక్కడ ఒక క్రెడిట్‌కి 10 గంటల చదువు. నాలుగేళ్లకు 240 అంటే ఏడాదికి 60. అది యూరప్ ఈసీటీఎస్ లెక్క, అక్కడ ఒక క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటలు. మార్చుకునేటప్పుడు రెండు బ్రిటన్ క్రెడిట్లకి ఒక ఈసీటీఎస్ అని కడతారు. అలా చూస్తే మొదటిది 180, రెండోది 240. మీ ఇంట్లో అనుకుంటున్నదానికి పూర్తిగా తలకిందులు. ఎక్కువ ఉన్నది రెండోదాంట్లో, అదీ సరిగ్గా ఒక ఏడాది చదువంత.

అమెరికా తరహా కోర్సులో అయితే నాలుగేళ్లకు సుమారు 120 సెమిస్టర్ క్రెడిట్లు కనిపిస్తాయి. అది మళ్లీ వేరే లెక్క. కాబట్టి మొత్తం అంకె పక్కన పెట్టి, ఏడాదికి ఎన్ని అని భాగించి చూడండి. ఏ పద్ధతో వెంటనే తెలిసిపోతుంది.

ఈ గంటల్లో క్లాసు, ల్యాబ్, ఇంటి దగ్గర చదువు, పరీక్షకి తయారవడం అన్నీ కలిసే ఉంటాయి. 5 ఈసీటీఎస్ పేపర్ అంటే 125 నుంచి 150 గంటలు. అందులో క్లాసు 24 గంటలే ఉండొచ్చు, 60 ఉండొచ్చు. ఒక చోట 20 మంది కూర్చుని లెక్కలు చేసే ట్యుటోరియల్ వారం వారం ఉంటుంది, ఇంకో చోట అది రెండు వారాలకోసారే. క్రెడిట్ ఒకటే, దొరికే బోధన వేరు. చాలా చోట్ల ప్రతి మాడ్యూల్ (పేపర్) పేజీలో "బోధన గంటలు" అన్న వరస ఉంటుంది. ముందు అది చూడండి.

---

మూలకణం

నీలిజ్వాలగారూ, నాలుగేళ్ల తర్వాత చేతికొచ్చే పట్టా మీద ఏముంటుంది? బ్యాచిలర్స్ ఆనర్సా, ఇంటిగ్రేటెడ్ మాస్టర్సా (బ్యాచిలర్స్, మాస్టర్స్ కలిపిన ఒకే కోర్సు)? "నాలుగేళ్ల కోర్సు" అన్న మాటలో ఈ తేడా కనబడదు. పీహెచ్‌డీ అనుకుంటున్నారు కాబట్టి ఇది తేలకుండా మిగతావి మాట్లాడినా ఉపయోగం లేదు.

---

నీలిజ్వాల

ఆఫర్ లెటర్ మళ్లీ తీసి చూశాను. బ్యాచిలర్ ఆఫ్ సైన్స్ (ఆనర్స్) అనే ఉంది. క్రెడిట్ల విషయం నిజంగా తెలియదు, ఇంట్లో వాళ్లకి చూపించాను.

---

మూలకణం

అయితే మీరు అనుకుంటున్న దారిలో ఇలా ఉంటుంది.

యూరప్‌లో చాలా చోట్ల పీహెచ్‌డీకి మాస్టర్స్ ఉండాల్సిందే. 1999 బొలోన్యా ఒప్పందం తర్వాత అక్కడ మామూలుగా నడిచే దారి 180 క్రెడిట్ల బ్యాచిలర్స్, దాని మీద 120 క్రెడిట్ల మాస్టర్స్, మొత్తం 300. మొదటి ఆఫర్ తీసుకుంటే మూడు ప్లస్ రెండు, ఐదేళ్లు. రెండో ఆఫర్ తీసుకుంటే 240 మీద 60 క్రెడిట్ల మాస్టర్స్, అంటే నాలుగు ప్లస్ ఒకటి, అదీ ఐదేళ్లే. కాకపోతే ఒక చిక్కుంది. మాస్టర్స్ రెండేళ్లది మాత్రమే నడిపే విశ్వవిద్యాలయంలో చేరితే, మీకు 240 ఉన్నా సరే చాలాసార్లు 120 పూర్తిగా చదవమంటారు. అప్పుడు ఆరేళ్లవుతాయి.

అమెరికాలో పీహెచ్‌డీకి బ్యాచిలర్స్ నుంచి నేరుగా తీసుకుంటారు. అక్కడ నాలుగేళ్ల డిగ్రీకి సమస్య లేదు. మూడేళ్ల డిగ్రీని కొన్ని గ్రాడ్యుయేట్ స్కూళ్లు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు.

కాబట్టి మొదటిదాంట్లో "ఒక ఏడాది ముందే అయిపోతుంది" అన్నది డిగ్రీతో ఆగిపోయేవాళ్లకి నిజమైన లాభం. పీహెచ్‌డీ దాకా వెళ్లేవాళ్లకి అలా మిగిలిన ఏడాది చాలా దారుల్లో మళ్లీ ఖర్చయిపోతుంది. మొదటి విశ్వవిద్యాలయంలోనే ఇంటిగ్రేటెడ్ మాస్టర్స్ కోర్సు కూడా ఉందేమో చూడండి. చాలా చోట్ల మొదటి రెండేళ్లు రెంటికీ ఒకటే, రెండో ఏడాది సగటు ఇంత దాటితే అందులోకి మారనిస్తారు. ఆ సగటు ఎంత, మారేవాళ్లకి సీట్ల పరిమితి ఉందా అన్నవి తెలిస్తే మీ మొదటి ఆఫర్ విలువే మారిపోవచ్చు.

---

నిచ్చెనమెట్టు

కంప్యూటేషనల్ కెమిస్ట్రీ అన్నారు కాబట్టి గణితం దగ్గర ఆగుతాను. ఈ రెండు ఆఫర్లూ అసలు వేరుపడేది అక్కడేనని నా అభిప్రాయం.

ఈ రంగానికి డిగ్రీలో కావలసినవి: లీనియర్ ఆల్జీబ్రా (మాత్రికలు, ఐగెన్ విలువలు), ఒకటి కంటే ఎక్కువ చరరాశుల కలనగణితం, అవకలన సమీకరణాలు, కొంత సంభావ్యత, ఒక ప్రోగ్రామింగ్ భాష. "కెమిస్ట్రీ విద్యార్థులకు గణితం" అని ఒకే పేపర్‌లో ఇవన్నీ తలా రెండు వారాలు తడిమి వదిలేసే చోట్లు ఉన్నాయి. పేరు చూస్తే అన్నీ ఉన్నట్టే ఉంటుంది.

తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. హుకెల్ పద్ధతిలో (అణువులో ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిల్ని ఉజ్జాయింపుగా కట్టే లెక్క) బ్యూటాడైఈన్‌ని ఎలా చెబుతున్నారో లెక్చర్ నోట్స్‌లోనో పాత ప్రశ్నపత్రంలోనో చూడండి. నాలుగు కార్బన్లు, 4×4 మాత్రిక, దాన్ని సాధిస్తే శక్తి స్థాయిలు α ± 1.618β, α ± 0.618β వస్తాయి (α, β ఆ లెక్కలో వాడే శక్తి విలువలు). "మాత్రిక రాసి, స్థాయిలు కట్టి, తరంగ ప్రమేయాల గుణకాలు రాబట్టండి" అని అడిగితే ఆ డిపార్ట్‌మెంట్ విద్యార్థి చేత గణితం చేయిస్తోందని అర్థం. స్థాయిలు వాళ్లే ఇచ్చేసి "ఎలక్ట్రాన్లు నింపండి" అంటే మీకు కావలసిన తర్ఫీదు అక్కడ లేదు. గుర్తించండి, అలా స్థాయిలు ఇచ్చేసేది చెడ్డ కెమిస్ట్రీ కోర్సు అని కాదు. సింథసిస్ (ల్యాబ్‌లో అణువుల తయారీ) వైపు వెళ్లేవాళ్లకి అది చాలు. మీకు చాలదు.

ఇక ప్రీరిక్విజిట్ల (ముందే చదివి ఉండాల్సిన పేపర్ల) గొలుసు. ఎంచుకునే స్వేచ్ఛ ఉందని కోర్సు పుస్తకంలో రాసి ఉన్నా, ఈ గొలుసు దగ్గర చాలామందికి అది చేజారుతుంది. చివరి ఏడాదిలో మీకు కావలసిన పేపర్ తీసుకుని వెనక్కి నడవండి. ఉదాహరణకి మూడో ఏడాది క్వాంటం కెమిస్ట్రీకి ఫిజికల్ కెమిస్ట్రీ 2, లీనియర్ ఆల్జీబ్రా రెండూ కావాలి. లీనియర్ ఆల్జీబ్రాకి మొదటి ఏడాది కలనగణితం కావాలి. ప్రతి మెట్టు పక్కన మూడు సంగతులు రాయండి: ఏ సెమిస్టర్‌లో నడుస్తుంది, అది ముందే పాసై ఉండాలా లేక పక్కపక్కనే చదవొచ్చా, కెమిస్ట్రీ వాళ్లని రానిస్తారా.

పొరపాటు జరిగేది ఇక్కడే. లీనియర్ ఆల్జీబ్రా ఏడాదికి ఒక్కసారే, మొదటి సెమిస్టర్‌లో, మంగళవారం మధ్యాహ్నం పెడతారనుకోండి. కెమిస్ట్రీ రెండో ఏడాది ఆర్గానిక్ ల్యాబ్ కూడా మంగళవారం మధ్యాహ్నమే. కాగితం మీద రెండూ తీసుకోవచ్చు, నిజంగా మాత్రం కుదరదు. అది వచ్చే ఏడాదికి వాయిదా పడితే క్వాంటం కెమిస్ట్రీ చివరి ఏడాదికి పోతుంది, ప్రాజెక్ట్ మొదలుపెట్టే నాటికి అది చదివి ఉండరు. అందుకే కోర్సు పుస్తకంతో పాటు ఈ ఏడాది టైంటేబుల్ కూడా తెరిచి పెట్టుకోండి. చాలా విశ్వవిద్యాలయాల టైంటేబుళ్లు లాగిన్ లేకుండానే చూడొచ్చు.

---

వేగుచుక్క

ఇవన్నీ సరే. కానీ ర్యాంకుని అంత తేలిగ్గా పక్కన పెట్టకండి. పేరున్న డిపార్ట్‌మెంట్‌లో పరిశోధన గ్రూపులు ఎక్కువ, బయటి నుంచి వచ్చి మాట్లాడేవాళ్లు ఎక్కువ, వేసవిలో పని చేయడానికి చోట్లు ఎక్కువ. ఉద్యోగాలిచ్చేవాళ్లు పేరు చూస్తారు. కొన్ని దేశాల వీసా నిబంధనలు కూడా ర్యాంకింగుల మీద ఆధారపడ్డాయి. బ్రిటన్ 2022లో తెచ్చిన హై పొటెన్షియల్ ఇండివిజువల్ వీసా అలాంటిదే, దానికి అర్హమైన విదేశీ విశ్వవిద్యాలయాల జాబితాని ప్రపంచ ర్యాంకింగులను బట్టే తయారు చేస్తారు.

---

తూనికరాయి

వీసా సంగతి నిజమే, అది అవసరమైనవాళ్లు లెక్కలోకి తీసుకోవాల్సిందే. గ్రూపుల సంఖ్య గురించి అన్నదీ ఒప్పుకుంటాను. కానీ ర్యాంకు అన్న అంకె దేంతో తయారవుతోందో నీలిజ్వాలగారు ఒకసారి చూడాలి.

క్యూఎస్ ప్రపంచ ర్యాంకింగ్‌లో 30 శాతం విద్యావేత్తల అభిప్రాయ సేకరణ, 15 శాతం ఉద్యోగాలిచ్చేవాళ్ల అభిప్రాయ సేకరణ. అంటే 45 శాతం పేరుప్రతిష్ఠలే. ఇంకో 20 శాతం పరిశోధన పత్రాలకి వచ్చే సైటేషన్లు (వేరే పత్రాల్లో వాటి ప్రస్తావనలు). విద్యార్థులకి ఎంతమంది అధ్యాపకులు అన్నదానికి 10 శాతం. 2003లో మొదలైన షాంఘై ర్యాంకింగ్‌లో అయితే నోబెల్, ఫీల్డ్స్ పతకాలు వచ్చిన పూర్వ విద్యార్థులకి 10 శాతం, అధ్యాపకులకి 20 శాతం. మిగతాదంతా ఎక్కువ సైటేషన్లున్న పరిశోధకులు, పత్రాల సంఖ్య, వాటి తలసరి లెక్క.

వీటిలో ఎక్కడా రెండో ఏడాది విద్యార్థి ల్యాబ్‌లో ఎన్ని గంటలు నిలబడతాడు, లీనియర్ ఆల్జీబ్రా దొరుకుతుందా, ప్రాజెక్ట్ ఎవరి దగ్గర వస్తుంది అన్నవి లేవు. ర్యాంకు చెప్పేది అక్కడి పరిశోధన ఎంత బలంగా ఉందని. ఆ పరిశోధనలోకి డిగ్రీ విద్యార్థికి తలుపు తెరిచి ఉందో లేదో వేరే అడిగి తెలుసుకోవాల్సిందే.

---

వేగుచుక్క

ఆ చివరి మాట దగ్గర మనిద్దరం కలుస్తున్నాం. అడగాల్సింది అదే. చిన్న డిపార్ట్‌మెంట్‌కి ఉన్న ప్రమాదం కూడా చెప్పాలి మరి. 45 మంది చేరే చోట థియరీ, కంప్యూటేషన్ చేసే అధ్యాపకులు ఒకరో ఇద్దరో ఉంటారు. ఆ ఒక్కరూ సబాటికల్ (పరిశోధన సెలవు) మీద వెళితే ఆ ఏడాది పేపరూ ఉండదు, ప్రాజెక్టూ ఉండదు. వేరే చోటికి మారిపోతే నాలుగేళ్ల పథకమే కూలిపోతుంది. డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో ఆ అధ్యాపకుల పేర్లు పట్టుకుని, గత రెండేళ్లలో పత్రాలు వస్తున్నాయా, గ్రూపులో ఇప్పుడు విద్యార్థులు ఉన్నారా, రిటైర్మెంట్ దగ్గరలో ఉందా చూడండి. "ఎమెరిటస్" (రిటైరైన అధ్యాపకుడు) అని ఉంటే కొత్త విద్యార్థుల్ని తీసుకోకపోవచ్చు. ఇద్దరి కంటే తక్కువ ఉంటే నేనైతే ఆ ఎంపిక మీద బరువు పెట్టను.

పెద్ద చోటికి ఉన్న ప్రమాదం ఇంకోటి. పీహెచ్‌డీ దరఖాస్తుకి సిఫార్సు లేఖలు కావాలి, అమెరికాలో మామూలుగా మూడు. 200 మంది క్లాసులో మీకు 85 మార్కులు వచ్చాయని తప్ప ఇంకేమీ రాయలేని అధ్యాపకుడి లేఖ దరఖాస్తుకి పెద్దగా సాయం చేయదు. అక్కడ చేరితే రెండో ఏడాది వేసవిలోపే ఒక గ్రూపులోకి వెళ్లే ప్రయత్నం మొదలుపెట్టాలి.

---

గాజుగొట్టం

ల్యాబ్ గురించి. కంప్యూటేషన్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు ల్యాబ్‌ని పట్టించుకోరు, అది తప్పు. కొలతలో ఎంత దోషం ఉంటుందో చేత్తో చేసి తెలుసుకున్నవాళ్లే తమ లెక్కలో వచ్చిన అంకెని ప్రయోగంతో సరిగ్గా పోల్చగలరు. పైగా పద్దెనిమిదేళ్లప్పుడు ఉన్న ఆసక్తి డిగ్రీ మధ్యలో మారడం మామూలే.

గంటలు లెక్కేయడం సులువు: వారాలు × వారానికి గంటలు × సెమిస్టర్లు. పోల్చుకోవడానికి ఒక కొలబద్ద కావాలంటే, అమెరికన్ కెమికల్ సొసైటీ 2015 మార్గదర్శకాల్లో ధృవీకరించిన డిగ్రీకి ప్రాథమిక కెమిస్ట్రీ ల్యాబ్ కాకుండా 400 గంటలు అడిగింది, అందులో కొంత పరిశోధనని కూడా కలుపుకోవచ్చు. నా మటుకు 300 దాటితే ఆలోచించవచ్చు, 200 లోపు ఉంటే ప్రాజెక్ట్ చాలా బలంగా ఉంటే తప్ప వద్దంటాను.

గంటల కంటే ముఖ్యమైనది పరికరం ఎవరి చేతిలో ఉంటుందన్నది. "మా దగ్గర 400 మెగాహెర్ట్జ్ ఎన్‌ఎంఆర్ ఉంది" (అణువు నిర్మాణాన్ని చూపే యంత్రం) అని ప్రతి బ్రోషర్‌లోనూ ఉంటుంది. విద్యార్థి గొట్టంలో నమూనా పోసి ట్రేలో పెట్టి వెళ్లిపోతే, మర్నాడు టెక్నీషియన్ స్పెక్ట్రమ్ ఈమెయిల్ చేస్తే, ఆ పరికరం ఉన్నా మీకు లేనట్టే. చిన్న బెంచ్‌టాప్ 60 మెగాహెర్ట్జ్ యంత్రం అయినా సరే, మీరే లాక్ చేసి, షిమ్ చేసి (అయస్కాంత క్షేత్రాన్ని నిలకడగా, సమంగా సర్ది), ఎన్ని స్కాన్లు కావాలో మీరే నిర్ణయించుకుంటే అది నేర్పే చదువు వేరు. కాకపోతే దాని పరిమితి తెలిసుండాలి. రెండు సిగ్నళ్ల మధ్య 0.1 పీపీఎం (సిగ్నళ్ల స్థానాన్ని చెప్పే కొలత) దూరం ఉంటే 60 మెగాహెర్ట్జ్ దగ్గర అది 6 హెర్ట్జ్, 400 దగ్గర 40 హెర్ట్జ్. కప్లింగ్ (పక్క పరమాణువుల వల్ల ఒక సిగ్నల్ చీలే దూరం) మాత్రం రెంటిలోనూ అదే 7 హెర్ట్జ్. అంటే చిన్న యంత్రంలో శిఖరాలు ఒకదాని మీద ఒకటి పడి ఆకారం చెదిరిపోతుంది. మంచి డిపార్ట్‌మెంట్ రెండో ఏడాదిలో చిన్నదాని మీద చేయించి, ప్రాజెక్ట్‌లో పెద్దదాని మీద కూర్చోబెడుతుంది. అలా ఉందా అని అడగండి.

ఇంకో రెండు ప్రశ్నలు: ఒక బెంచ్ దగ్గర ఇద్దరా, ఒక్కరా? రిపోర్టులు ఎన్ని రోజుల్లో దిద్ది ఇస్తారు? తర్వాతి ప్రయోగం అయిపోయాక తిరిగొచ్చే రిపోర్టు వల్ల రాయడం మెరుగుపడదు.

---

లెక్కలపుస్తకం

డబ్బు లెక్క ఎవరూ ఎత్తలేదు. ఏడాది ఫీజుని 1 అనుకోండి.

మొదటి ఆఫర్: 3.
రెండో ఆఫర్, స్కాలర్‌షిప్ చివరిదాకా ఉంటే: 4 × 0.5 = 2.
మొదటి ఏడాది తర్వాత పోతే: 0.5 + 3 = 3.5.
రెండో ఏడాది తర్వాత పోతే: 0.5 + 0.5 + 2 = 3.

అంటే రెండేళ్లు నిలబెట్టుకుంటే ఫీజు వరకు రెండూ సమానం. మూడో ఏడాది కూడా నిలబడితే లాభం మొదలవుతుంది. నాలుగో ఏడాది ఉండటానికి, తిండికి అయ్యే ఖర్చు దీని మీద వేరుగా కలుపుకోవాలి. ఫీజుకి సమానంగా ఖర్చు అయ్యే ఊరైతే స్కాలర్‌షిప్ చివరిదాకా ఉన్నా వచ్చే లాభం అక్కడే కరిగిపోతుంది.

కాబట్టి స్కాలర్‌షిప్ లేఖలో "కొనసాగింపు నిబంధనలు" అన్న భాగం చదవండి. ఎంత సగటు కావాలి, అది ఆ ఏడాది సగటా లేక మొదటి నుంచి కలిపిన సగటా, ఒక సెమిస్టర్ తగ్గితే గడువిస్తారా, ఒకసారి పోయింది తిరిగి వస్తుందా, క్రెడిట్లు తగ్గించుకుంటే రద్దవుతుందా. ఈ చివరిది చాలామంది చూడరు. కష్టంగా ఉందని ఒక పేపర్ వదిలేస్తే సగటు బాగానే ఉంటుంది కానీ కనీస క్రెడిట్లు తగ్గి స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ఏటా ఫీజు పెరుగుతుందా, పెరిగితే సగం మాఫీ అన్నది పెరిగిన ఫీజు మీదా లేక మొదటి ఏడాది అంకె మీదే నిలిచిపోతుందా అన్నది కూడా అడగండి.

---

మూలకణం

రెండో ఆఫర్‌లో ఇంకో మెలిక. మొదటి ఏడాది ఉమ్మడి అన్నారు. తర్వాత కెమిస్ట్రీలోకి వెళ్లడం హక్కా, పోటీయా? 45 అన్నది కెమిస్ట్రీ సీట్లా, ఉమ్మడి ఏడాదిలో చేరేవాళ్లా? పోటీ అయితే మీకిచ్చింది కెమిస్ట్రీ ఆఫర్ కాదు, సైన్స్ ఆఫర్. ఇది రాతపూర్వకంగా తెచ్చుకోండి.

---

నీలిజ్వాల

ఇన్ని విషయాలు అడగాలంటే ఎవరికి రాయాలి, ఎలా రాయాలి? అడ్మిషన్స్ వాళ్లు బ్రోషర్ లింకులే తిరిగి పంపుతున్నారు.

---

నిచ్చెనమెట్టు

అడ్మిషన్స్‌కి కాదు, డిపార్ట్‌మెంట్‌లో డిగ్రీ కోర్సుని చూసే అధ్యాపకుడికి రాయండి. ప్రోగ్రామ్ డైరెక్టర్ అనో, డైరెక్టర్ ఆఫ్ అండర్‌గ్రాడ్యుయేట్ స్టడీస్ అనో ఉంటారు. ఈమెయిల్ ఒక తెర దాటకూడదు, ప్రశ్నలు ఐదు మించకూడదు, ప్రతిదానికీ జవాబు ఒక అంకెగానో అవును కాదుగానో రావాలి. "మీ కోర్సు పరిశోధనకి బాగుంటుందా?" అని అడిగితే "చాలా బాగుంటుంది" అనే వస్తుంది. ఇలా అడగండి:

"మీ కెమిస్ట్రీ డిగ్రీకి నాకు ఆఫర్ ఉంది. నెలాఖరులోగా నిర్ణయించుకోవాలి. దయచేసి ఈ ఐదింటికి జవాబు ఇవ్వగలరా? 1. కెమిస్ట్రీ విద్యార్థి గణిత విభాగం నడిపే లీనియర్ ఆల్జీబ్రా తీసుకోవచ్చా, ఈ ఏడాది ఎంతమంది తీసుకున్నారు? 2. చివరి ఏడాది ప్రాజెక్ట్ ఎన్ని క్రెడిట్లు, ఏ ప్రాతిపదికన కేటాయిస్తారు? 3. గత ఏడాది కంప్యూటేషనల్ ప్రాజెక్టులు ఎన్ని ఇచ్చారు? 4. ఒక్కో ఏడాదికి ల్యాబ్ గంటలు ఎన్ని? 5. డిగ్రీ విద్యార్థులకి కంప్యూటింగ్ క్లస్టర్ (పెద్ద లెక్కలు నడిపే కంప్యూటర్ల సముదాయం) మీద అకౌంట్ ఏ ఏడాది నుంచి ఇస్తారు?"

రెండో ఆఫర్ వాళ్లకి రాసేటప్పుడు ఏదో ఒక ప్రశ్న తీసేసి, కెమిస్ట్రీ సీటు ఖాయమా అన్న మూలకణంగారి ప్రశ్న చేర్చండి. మొదటి ప్రశ్నలో "ఎంతమంది తీసుకున్నారు" అన్నది వదలకండి. "తీసుకోవచ్చు" అని చెప్పి, తీసుకున్నవాళ్లు సున్నా అయితే టైంటేబుల్ అడ్డుపడుతోందని అర్థం.

దీనితో పాటు మూడో ఏడాది విద్యార్థి ఒకరితో మాట్లాడండి. విశ్వవిద్యాలయం తరఫున జవాబులు చెప్పడానికి నియమించినవాళ్లు కాకుండా కెమిస్ట్రీ విద్యార్థి సంఘం ద్వారా దొరికితే మేలు.

---

నీలిజ్వాల

రెండు చోట్ల నుంచీ జవాబులు వచ్చాయి. ఉన్నవి ఉన్నట్టు పెడుతున్నాను.

మొదటిది: గణిత విభాగం పేపర్లు కెమిస్ట్రీ వాళ్లకి లేవు, కెమిస్ట్రీ వాళ్లే నడిపే గణితం పేపర్ ఒకటి ఉంది. చివరి ఏడాది ప్రాజెక్ట్ 30 క్రెడిట్లు, రెండో ఏడాది మార్కుల వరసలో కేటాయిస్తారు. కంప్యూటేషనల్ గ్రూపులు ఆరు, గత ఏడాది ప్రాజెక్టులు 14. ల్యాబ్: మొదటి రెండేళ్లు సెమిస్టర్‌కి 10 వారాలు, వారానికి 6 గంటలు, మూడో ఏడాది 10 వారాలు, వారానికి 9 గంటలు. ఇంటిగ్రేటెడ్ మాస్టర్స్‌లోకి మారాలంటే రెండో ఏడాది సగటు 60 ఉండాలి, సీట్ల పరిమితి లేదు.

రెండోది: గణిత విభాగం పేపర్లు తీసుకోవచ్చు, ఈ ఏడాది లీనియర్ ఆల్జీబ్రాలో కెమిస్ట్రీ వాళ్లు తొమ్మిది మంది. నాలుగో ఏడాది ప్రాజెక్ట్ 30 క్రెడిట్లు. థియరీ అధ్యాపకులు ఇద్దరు, గత ఏడాది ప్రాజెక్టులు ఐదు. ల్యాబ్: మొదటి ఏడాది 12 వారాలు, వారానికి 3 గంటలు, రెండు, మూడు ఏడాదుల్లో సెమిస్టర్‌కి 12 వారాలు, వారానికి 6 గంటలు. క్లస్టర్ అకౌంట్ మూడో ఏడాది నుంచి. మొదటి ఏడాది పాసైతే కెమిస్ట్రీ సీటు ఖాయమని రాశారు. స్కాలర్‌షిప్‌కి ప్రతి ఏడాదీ 65 సగటు ఉండాలి, ఒక సెమిస్టర్ వరకు మినహాయింపు ఉంది.

---

తూనికరాయి

ల్యాబ్ గంటలు దాదాపు సమానం. మొదటిది 240 + 90 = 330. రెండోది 36 + 144 + 144 = 324. ఇది ఇక తేల్చే విషయం కాదు.

ప్రాజెక్ట్ చూడండి. రెండు చోట్లా 30 అనే రాశారు కానీ మొదటిది బ్రిటన్ తరహా 30, అంటే 300 గంటలు. రెండోది ఈసీటీఎస్ 30, అంటే 750 నుంచి 900 గంటలు. 300 గంటల్లో ఒక ప్రోగ్రామ్ నడపడం నేర్చుకుని, నాలుగైదు అణువుల మీద లెక్కలు వేసి, రిపోర్టు రాసేసరికి సమయం అయిపోతుంది. 800 గంటల్లో మొదటి లెక్కలు తప్పయ్యాయని తెలుసుకుని, బేసిస్ సెట్ (లెక్కకి ఆధారంగా తీసుకునే ప్రమేయాల సమితి) మార్చి మళ్లీ చేసి, ప్రయోగ ఫలితంతో పోల్చేంత చోటుంటుంది. సిఫార్సు లేఖలో రాయడానికి విషయం కూడా అక్కడే పుడుతుంది.

---

వేగుచుక్క

మొదటిదాంట్లో మాస్టర్స్‌లోకి మారడానికి సీట్ల పరిమితి లేదన్నది మాత్రం పెద్ద విషయం. నాలుగో ఏడాదికల్లా మాస్టర్స్ చేతికొస్తుంది. రెండోదాంట్లో నాలుగేళ్లకి వచ్చేది బ్యాచిలర్సే. నీలిజ్వాలగారూ, ఆ ఇంటిగ్రేటెడ్ మాస్టర్స్ చివరి ఏడాది ప్రాజెక్ట్ ఎంతో కూడా అడిగి చూడండి. 60 బ్రిటన్ క్రెడిట్లు ఉంటే 600 గంటలు, అప్పుడు తూనికరాయిగారు చెప్పిన తేడా చాలావరకు తగ్గిపోతుంది. అయినా గణితం లోటు మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని సొంతంగా నింపుకోవచ్చు గానీ మార్కుల పట్టీలో కనబడదు. థియరీ గ్రూపుల్లో చేర్చుకునేవాళ్లు చూసేది ఆ పట్టీనే.

---

గాజుగొట్టం

ఆసక్తి సింథసిస్ వైపు మారే అవకాశం గట్టిగా ఉందనిపిస్తే మొదటిదే. కంప్యూటేషన్ మీదే నిలబడతాననుకుంటే రెండోది. 65 సగటు నిలబెట్టుకోగలరా అన్నది మీ మార్కులు చూసుకుని మీరే చెప్పాలి.

---

నీలిజ్వాల

మాస్టర్స్ ప్రాజెక్ట్ అడిగాను, 40 క్రెడిట్లట. 400 గంటలు. ఇంట్లో వాళ్లతో కూర్చుని ఈ అంకెలన్నీ ఒకే కాగితం మీద రాశాం. రెండోదానికే ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు చేయాల్సినవి ఏమిటి?

---

లెక్కలపుస్తకం

డిపాజిట్ ఒక్క చోటే కట్టండి. ఎందుకైనా మంచిదని రెండు చోట్లా కడితే, తెలిసినప్పుడు రెండు ఆఫర్లూ రద్దు చేసే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. కట్టే ముందు రీఫండ్ గడువు చదవండి. స్కాలర్‌షిప్‌కి వేరే అంగీకార పత్రం ఉంటుంది, అడ్మిషన్‌కి ఒప్పుకున్నంత మాత్రాన అది దానంతటదే ఖరారు కాదు. రెండోదాని ధ్రువీకరణ చేతికొచ్చాకే మొదటిదాన్ని వదులుకోండి, వచ్చాక మాత్రం ఆలస్యం చేయకుండా రెండు వాక్యాల్లో రాసి పంపేయండి. ఆ సీటు కోసం వెయిటింగ్ లిస్టులో ఎవరో ఎదురుచూస్తుంటారు.

---

నిచ్చెనమెట్టు

మీరు చేరే సంవత్సరపు కోర్సు పుస్తకాన్ని ఇవాళే పీడీఎఫ్‌గా దాచుకోండి, ప్రతి మాడ్యూల్ పేజీతో సహా. చాలా చోట్ల చేరిన ఏడాది నిబంధనలే చివరిదాకా మీకు వర్తిస్తాయి, వెబ్‌సైట్‌లో మాత్రం ఏటా కొత్తవే ఉంటాయి. కెమిస్ట్రీ సీటు ఖాయమన్న ఈమెయిల్ కూడా అదే ఫోల్డర్‌లో పెట్టండి. మొదటి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ తెరుచుకోగానే కలనగణితం తీసుకోండి. "కెమిస్ట్రీ వాళ్లకి తేలికపాటిది" అని ఇంకోటి చూపిస్తే, అది లీనియర్ ఆల్జీబ్రాకి ప్రీరిక్విజిట్‌గా చెల్లుతుందా అని అడిగాకే దానికి ఒప్పుకోండి.